తాజ్ మహల్‌ను కొన్న ఆదివాసులు

1993 అక్టోబర్ 5న అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఒక ఉపసంఘం ముందు ఒక హోటళ్ల వ్యాపారి హాజరయ్యాడు. ఆదివాసీ తెగలు నడుపుతున్న జూదశాలల వల్ల తన బోటి వారికి అన్యాయం జరుగుతోందన్నది ఆయన ఫిర్యాదు. వాటిలోకి నేరగాళ్ల ముఠాలు చొరబడుతున్నాయని హెచ్చరించాడు. అంతటితో ఆగలేదు. కనెక్టికట్‌లో కాసినో నడుపుతున్న తెగవారి ప్రస్తావన వచ్చినప్పుడు, వాళ్లు తన కంటికి ఇండియన్లలా కనిపించడం లేదన్నాడు. ఆ వ్యాపారి పేరు డొనాల్డ్ ట్రంప్. అప్పటికి ఆయన చేతిలో ఉన్న అతి పెద్ద ఆస్తి, న్యూజెర్సీ తీరంలోని అట్లాంటిక్ సిటీలో కట్టిన ట్రంప్ తాజ్ మహల్ కాసినో హోటల్.

2017 మార్చిలో ఆ హోటల్‌ను హార్డ్ రాక్ అనే సంస్థ కొన్నది. హార్డ్ రాక్ యజమాని ఫ్లోరిడాకు చెందిన సెమినోల్ అనే ఆదివాసీ తెగ. ఆ తెగ జనాభా నాలుగు వేల పైచిలుకు మాత్రమే. అప్పటికి ట్రంప్ శ్వేతసౌధంలో ఉన్నారు.

ఈ ముచ్చటను అమెరికా పత్రికలు కాలం చేసిన పరిహాసంగా చెప్పుకుని వదిలేశాయి. కానీ ఛత్తీస్‌గఢ్ రాజకీయాలను గమనిస్తున్నవారు దాన్ని అలా వదిలేయడానికి వీల్లేదని నా అభిప్రాయం. జనాభాలో 30.6 శాతం ఆదివాసులున్న రాష్ట్రమిది. 2011 లెక్కల ప్రకారం వారు 78 లక్షల మంది. ఇక్కడ గనులు, కర్మాగారాలు, అడవులు చేతులు మారుతూనే ఉంటాయి. ఏ అమ్మకంలోనూ, ఏ కొనుగోలులోనూ ఆదివాసులు బల్లకు ఏ పక్కనా కూర్చోరు. బల్ల వేసిన నేల మాత్రం వారిదే. సెమినోల్ తెగ ఏ దారిన వచ్చి కొనుగోలుదారు కుర్చీలో కూర్చున్నదో తెలుసుకుంటే, మన దారి ఎక్కడ మూసుకుపోయిందో కూడా తెలుస్తుంది.

ముందుగా ఆ హోటల్ కథ. అట్లాంటిక్ సిటీ ఒకప్పుడు పేరున్న సముద్రతీర విహారస్థలం. విమానాలు చవకై జనం మరింత దూరాలకు వెళ్లడం మొదలుపెట్టాక వెలవెలబోయింది. 1976లో న్యూజెర్సీ ఓటర్లు ఆ ఒక్క పట్టణంలో కాసినోలకు అనుమతినిచ్చారు. 1978లో మొదటిది తెరుచుకుంది. దాన్ని తెరిచిన రిసార్ట్స్ ఇంటర్నేషనల్ అనే కంపెనీయే 1983లో తాజ్ మహల్ నిర్మాణాన్ని కూడా మొదలుపెట్టింది. దాని అధిపతి 1986లో మరణించాడు. మరుసటి ఏడాది ట్రంప్ ఆ కంపెనీపై పట్టు సంపాదించాడు. ఆ తర్వాత టెలివిజన్ ప్రముఖుడు మెర్వ్ గ్రిఫిన్‌తో వివాదం నడిచి, కంపెనీ గ్రిఫిన్‌కు, సగం కట్టిన తాజ్ ట్రంప్‌కు దక్కాయి.

1988లో లైసెన్సు కోసం కాసినో నియంత్రణ సంఘం ముందుకు వెళ్లినప్పుడు ట్రంప్ ఒక మాట చెప్పారు. తన పేరు చూసి బ్యాంకులు తక్కువ వడ్డీకే అప్పిస్తాయని, అధిక వడ్డీ బాండ్ల అవసరం తనకు లేదని. అదే ఏడాది నవంబర్‌లో 14 శాతం వడ్డీతో 67.5 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మారు. ఏడాదికి వడ్డీయే 9 కోట్ల డాలర్లు దాటుతుంది. నగరానికి పట్టగలిగినన్ని కాసినోలు అప్పటికే ఉన్నాయి, వాటిలో రెండు ట్రంప్‌వే. తన హోటల్ తన హోటళ్ల కడుపే కొట్టే ఏర్పాటన్న మాట. చలికాలం గాలులు మొదలైతే ఈ కొత్త హోటల్ నిలబడదని మార్విన్ రాఫ్‌మన్ అనే విశ్లేషకుడు 1990 మార్చిలో పత్రికతో అన్నాడు. ట్రంప్ బెదిరింపులకు తలొగ్గి ఆయన సంస్థ ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేసింది. ఏప్రిల్ 2న హోటల్ తెరుచుకుంది. ప్రపంచపు ఎనిమిదో వింత అని యజమానే ప్రకటించుకున్నాడు. ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటాలు, మినార్లు, రాతి ఏనుగులు, తలపాగాలు చుట్టిన ద్వారపాలకులు. ఒక చక్రవర్తి భార్య సమాధి పేరును జూదశాలకు పెట్టడంలో అనౌచిత్యం ఉందని అక్కడ ఎవరికీ తోచినట్టు లేదు. తోచినా ఫలితం ఉండేది కాదు.

1991 జులైలో తాజ్ దివాలా రక్షణ కోరింది. వడ్డీ తగ్గించినందుకు ప్రతిగా ట్రంప్ సగం యాజమాన్యాన్ని బాండుదారులకు వదులుకున్నారు. చలువరాళ్లు పరిచినవారు, గుమ్మటాలు బిగించినవారు, రంగులు వేసినవారు కలిపి 250కి పైగా ఉపగుత్తేదారులకు సకాలంలో పూర్తి చెల్లింపులు అందలేదు. రాజీకి వచ్చి తక్కువకు ఒప్పుకున్నవారు ఎందరో. 1995లో ట్రంప్ తన కాసినోల కంపెనీని షేర్ మార్కెట్లోకి తెచ్చారు. మరుసటి ఏడాది తాజ్‌ను అందులోకి చేర్చారు. ఆ కంపెనీ 2004లో దివాలా తీసింది. 2009లో మళ్లీ, 2014లో మళ్లీ. ఒక్కో దివాలాకూ ఆయన వాటా కరిగిపోతూ వచ్చింది. 2009 తర్వాత ఆయనకు మిగిలింది పేరు వాడుకోనిచ్చినందుకు దక్కిన పదో వంతు. 2016 నాటికి అదీ లేదు. గోడ మీద అక్షరాలు ఆయనవి, గోడ ఇంకొకరిది.

ఆ ఇంకొకరు కార్ల్ ఐకాన్. అప్పులు కొని కంపెనీలను చేజిక్కించుకోవడంలో ఆరితేరిన కోటీశ్వరుడు, ట్రంప్ మిత్రుడు, 2017లో కొంతకాలం ఆయనకు నియంత్రణ సంస్కరణలపై ప్రత్యేక సలహాదారు. 2014లో దివాలా కోర్టు అనుమతితో తాజ్ ఉద్యోగుల ఆరోగ్య బీమాను, పింఛనును రద్దు చేశారు. పక్కనున్న కాసినోలలో గదులు ఊడ్చేవారికి ఉన్న బీమా తమకెందుకు లేదని అడుగుతూ 2016 జులై 1న తాజ్ కార్మికులు సమ్మెకు దిగారు. వంటవారు, వడ్డించేవారు, పక్కలు వేసేవారు. ఐకాన్ బీమా పునరుద్ధరణకు ఒప్పుకోలేదు. అక్టోబర్ 10న తలుపులు మూశారు. దాదాపు మూడు వేల మంది వీధిన పడ్డారు. నెల తిరక్కుండానే, పరిశ్రమలకు పూర్వవైభవం తెస్తానన్న మనిషి దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు.

ఈ కథలో ప్రభుత్వం నిద్రపోయిందనుకోవద్దు, అవసరమైన చోట మెలకువగానే ఉంది. ట్రంప్ కాసినోలు న్యూజెర్సీకి బకాయిపడ్డ దాదాపు 3 కోట్ల డాలర్ల పన్నును, క్రిస్ క్రిస్టీ గవర్నర్‌గా ఉండగా 2011లో, 50 లక్షల డాలర్లకు పరిష్కరించుకున్నారు. నగదు అక్రమ చలామణిని అడ్డుకునే నిబంధనలు పాటించనందుకు 2015లో తాజ్‌కు కేంద్ర ఆర్థిక నేరాల విభాగం కోటి డాలర్ల జరిమానా విధించింది. ఆదివాసుల కాసినోలలో నేరగాళ్లు దూరతారన్న 1993 నాటి హెచ్చరిక పక్కన ఈ జరిమానా కాగితాన్ని పెట్టి చదువుకోవాలి.

హార్డ్ రాక్ ఆ హోటల్‌కు చెల్లించిన ధర 5 కోట్ల డాలర్లు. కట్టడానికైన ఖర్చు వంద కోట్ల డాలర్లకు పైమాటే. న్యూజెర్సీకి చెందిన రెండు వ్యాపార కుటుంబాలు భాగస్వాములుగా చేరాయి. మరమ్మతుకు, పునర్నిర్మాణానికి 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. 2017 వేసవిలో లోపలి సామాను వేలానికి పెట్టారు. దీపాలు, కుర్చీలు, పరుపులు చౌకగా పోయాయి. గుమ్మటాలను క్రేన్లతో దించేశారు. అస్థిపంజరం పాతదే, మిగిలిందంతా కొత్తది. ద్వారం దగ్గర ఏనుగుల స్థానంలో గిటారు నిలిచింది. 2018 జూన్ 28న తెరుచుకున్న ఆ హోటల్‌లో పాత తాజ్ ఉద్యోగులు చాలామందికి మళ్లీ పని దొరికింది, కార్మిక సంఘంతో ఒప్పందమూ కుదిరింది. సెమినోల్ తెగ దానధర్మాలకు దిగలేదు, వ్యాపారమే చేసింది. కాకపోతే ఆ వ్యాపారానికి కార్మికుల బీమా అడ్డం రాలేదు.

ఇంతకీ ఈ సెమినోల్‌లు ఎవరు? పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా సైన్యం వారితో మూడు యుద్ధాలు చేసింది. వేలమందిని మిసిసిపీ నదికి అవతలికి తరిమేసింది. 1858లో మూడో యుద్ధం ముగిసే నాటికి ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో మిగిలినవారు కొన్ని వందల మంది. లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టలేదని వారి వారసులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. 1950లలో అమెరికా ప్రభుత్వం తెగల ప్రత్యేక ప్రతిపత్తిని రద్దు చేసే విధానం చేపట్టినప్పుడు ఆ జాబితాలో వీరి పేరు కూడా ఉంది. వారు పోరాడి తప్పించుకున్నారు. 1957లో ఒకేసారి రెండు పత్రాలు సంపాదించారు. ఒకటి తెగ పాలనకు రాజ్యాంగం, రెండోది వ్యాపారానికి కార్పొరేట్ చార్టర్. పాలించడానికి ఒక మండలి, ఆస్తులు కూడబెట్టడానికి ఒక బోర్డు.

ఈ రెండో పత్రం దగ్గర కాసేపు ఆగాలి. మన దేశంలో ఆదివాసీ హక్కుల చర్చ అంతా మొదటి పత్రం చుట్టూనే తిరుగుతుంది. స్వయంపాలన, సంస్కృతి, గ్రామసభ, జల్-జంగల్-జమీన్. అవన్నీ కావలసినవే. కానీ అప్పు పుట్టించగల, ఒప్పందంపై సంతకం చేయగల, నష్టం వస్తే భరించి లాభం వస్తే పంచుకోగల చట్టబద్ధమైన ఉనికి ఆదివాసీ సమూహానికి ఉండాలన్న ఆలోచన మన రాజ్యాంగ నిపుణులకు గానీ, విప్లవకారులకు గానీ, సంక్షేమ శాఖలకు గానీ పెద్దగా పట్టలేదు. ఆదివాసి రక్షించదగినవాడు, లేదా విముక్తి చేయదగినవాడు, లేదా సబ్సిడీ ఇవ్వదగినవాడు. యజమాని కాదగినవాడని ఎవరూ అనుకోలేదు.

1979 డిసెంబర్‌లో సెమినోల్‌లు తమ భూమిలో భారీ బహుమతుల బింగో శాల తెరిచారు. ఫ్లోరిడా చట్టం ప్రకారం బింగో వారానికి రెండు రోజులే ఆడాలి, బహుమతి వంద డాలర్లు దాటరాదు. అరెస్టులు చేస్తానని అక్కడి షెరీఫ్ బెదిరించాడు. తెగ కోర్టుకు వెళ్లింది. రాష్ట్రం బింగోను నేరంగా నిషేధించలేదు, నియంత్రించింది అంతే, ఆ నియంత్రణ తెగ భూమికి వర్తించదని 1981లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. 1987లో కాలిఫోర్నియా తెగల కేసులో సుప్రీంకోర్టు ఇంచుమించు అదే సూత్రాన్ని నిలబెట్టింది. 1988లో దానికి చట్టం వచ్చింది. ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందనుకోకూడదు. 1996లో ఇదే సెమినోల్ తెగ ఫ్లోరిడా మీద వేసిన కేసును సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది, రాష్ట్రాన్ని తెగలు అలా కోర్టుకు లాగలేవని. అయినా అప్పటికి వారి దగ్గర డబ్బుంది, న్యాయవాదులున్నారు, బేరమాడే ఓపిక ఉంది. 2006 డిసెంబర్‌లో 96.5 కోట్ల డాలర్లకు బ్రిటన్‌కు చెందిన ర్యాంక్ గ్రూప్ నుంచి హార్డ్ రాక్ వ్యాపారాన్ని కొంటున్నట్టు ప్రకటించారు. తమ పూర్వీకులు మన్‌హటన్‌ను పూసలకు అమ్ముకున్నారని, తాము ఒక్కో హాంబర్గర్‌తో దాన్ని తిరిగి కొంటామని తెగ ప్రతినిధి ఒకరు ఆ సందర్భంలో చమత్కరించారు.

అట్లాంటిక్ సిటీ సెమినోల్ భూమి కాదు. అక్కడ వారికి సార్వభౌమత్వం లేదు. మిగతా కాసినోల్లాగే న్యూజెర్సీ లైసెన్సు తీసుకుని, న్యూజెర్సీ పన్ను కట్టి నడుపుతున్నారు. తమ నేలపై చట్టం ఇచ్చిన అధికారంతో సంపాదించి, పరాయి నేలపై మామూలు పెట్టుబడిదారుగా నిలబడ్డారు. రక్షణ వలయంలో పెరిగినది వలయం బయటికి వచ్చి బతకగలదా అన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు.

ఇక రాయ్‌పూర్. నగరం నడిబొడ్డున ఉన్న జయస్తంభ్ కూడలి వద్ద 1857 డిసెంబర్ 10న సోనాఖాన్ జమీందారు, బింజ్‌వార్ ఆదివాసి వీర్ నారాయణ్ సింగ్‌ను బ్రిటిష్‌వారు ఉరితీశారు. కరువులో ధాన్యం దాచిన వ్యాపారి గోదాము తెరిపించి జనానికి పంచడంతో మొదలైంది ఆయన నేరం. ఫ్లోరిడాలో మూడో యుద్ధం ముగియడానికి అయిదు నెలల ముందు సంగతి ఇది. ఇప్పుడు ఆయన పేరిట అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ఉంది. 2025 నవంబర్ 1న, రాష్ట్రానికి పాతికేళ్లు నిండిన రోజున, ప్రధాని మోదీ నవా రాయ్‌పూర్‌లో ఆయన పేరిట ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియాన్ని ప్రారంభించారు. అక్కడివారు హోటల్ కొన్నారు, ఇక్కడివారికి మ్యూజియం దక్కింది.

డిసెంబర్ 10 ఈ రాష్ట్రానికి మరో విధంగా కూడా గుర్తుండాలి. 2001లో అదే తేదీన సుప్రీంకోర్టు బాల్కో తీర్పు చెప్పింది. కోర్బాలోని ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కోలో 51 శాతం వాటాను వాజ్‌పేయీ ప్రభుత్వం రూ. 551.5 కోట్లకు స్టెరిలైట్‌కు అమ్మింది. కార్మికులు 67 రోజులు సమ్మె చేశారు. రాష్ట్రం పుట్టి అప్పటికి కొద్ది నెలలే. ముఖ్యమంత్రి అజిత్ జోగి ఎదురు తిరిగి, ఆ వాటాను రాష్ట్రమే రూ. 552 కోట్లకు కొంటుందని ప్రకటించారు. అర కోటి ఎక్కువ! అందులో రాజకీయమెంత, చిత్తశుద్ధి ఎంత అన్నది వేరే చర్చ. రాష్ట్రం తరఫున వాదన మాత్రం బలమైనది. కోర్బా అయిదో షెడ్యూలు ప్రాంతం. అక్కడి ఆదివాసీ భూమిని ఆదివాసేతరుడికి బదిలీ చేయరాదు.

ఆ వాదనకు ఊపిరి పోసింది మన తెలుగు నేల. విశాఖ మన్యంలో, బొర్రా గుహల పరిసర గ్రామాల్లో గనుల లీజుల మీద సమత సంస్థ నడిపిన కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతంలో భూమి బదిలీని నిషేధించే ఆంధ్రప్రదేశ్ చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే'నని, అది సైతం ఆదివాసేతరులకు లీజు ఇవ్వజాలదని చెప్పింది. ఇవ్వదలిస్తే ప్రభుత్వరంగ సంస్థకు ఇవ్వాలి, లేదా ఆదివాసుల సహకార సంఘానికి ఇవ్వాలి. ఈ చివరి మాటను మనవాళ్లు ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. తీర్పును గనుల నిషేధంగా చదివినవారే ఎక్కువ. యాజమాన్యానికి తెరిచిన తలుపుగా చదివినవారు తక్కువ.

బాల్కో కేసులో ఆ తలుపును సగం మూసేశారు. మధ్యప్రదేశ్ నుంచి వారసత్వంగా వచ్చిన భూమి చట్టం ఆంధ్ర చట్టం లాంటిది కాదని, కనుక సమత సూత్రం ఇక్కడ వర్తించదని న్యాయమూర్తులు చెప్పారు. సమతలోని మెజారిటీ అభిప్రాయం సబబేనా అన్న గట్టి సందేహాన్ని కూడా నమోదు చేశారు. ఆర్థిక విధానంలోని వివేకం కోర్టులు తూచేది కాదన్నారు. జూదంలో తనను తాను ఓడిపోయాక ధర్మరాజుకు ద్రౌపదిని ఒడ్డే హక్కు ఎక్కడిదన్నది కురుసభలో ద్రౌపది వేసిన ప్రశ్న. ఒడ్డినవాడు అసలు యజమానేనా అన్నది దాని సారం. కోర్బాలోనూ ప్రశ్న అదే. సభలో పెద్దలు ఆనాడు తలలు దించుకున్నారు, ఈనాడు అది విధాన నిర్ణయమన్నారు.

బాల్కో తర్వాత పాఠం నేర్చుకునే అవకాశం ఒకసారి వచ్చింది. గనుల వల్ల నిర్వాసితులైనవారికి 26 శాతం వాటా ఇవ్వాలన్న ప్రతిపాదనను యూపీఏ ప్రభుత్వం 2010లో ముందుకు తెచ్చింది. పరిశ్రమ వర్గాలు గగ్గోలు పెట్టాయి. 2011 బిల్లులో అది బొగ్గుకు లాభాల్లో 26 శాతంగా, మిగతా ఖనిజాలకు రాయల్టీకి సమానమైన మొత్తంగా మారింది. ఆ బిల్లు కూడా మురిగిపోయింది. 2015లో మోదీ ప్రభుత్వం చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధిని తెచ్చింది. యాజమాన్యం పోయి, రాయల్టీపై పది శాతమో ముప్ఫై శాతమో అదనపు వసూలు మిగిలింది. దాన్ని ఖర్చు పెట్టేది జిల్లా యంత్రాంగం. కోర్బాలో ఆ నిధి ఖర్చులోని అక్రమాలపై ఈడీ దర్యాప్తు జరుపుతోంది. రెండు ప్రభుత్వాలు, రెండు పార్టీలు. ఫలితంలో మాత్రం ఏకాభిప్రాయం.

పెసా చట్టం ఉంది కదా అంటారు. 1996 నాటి ఆ చట్టానికి ఛత్తీస్‌గఢ్ నియమాలు రాసుకున్నది 2022లో. భూసేకరణకు ముందు గ్రామసభను 'సంప్రదించాలి' అంటుంది అది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం గ్రామసభదే అంటుంది గానీ, ఈ రాష్ట్రంలో తునికాకు కొనుగోలు ప్రభుత్వ గుత్తాధిపత్యం. యజమాని తన సరుకును ఒకే ఒక్క కొనుగోలుదారుకు, ఆ కొనుగోలుదారు చెప్పిన ధరకు అమ్ముకోవాలి. హస్‌దేవ్ అడవుల్లో బొగ్గు బ్లాకులు రద్దు చేయమని 2022 జులైలో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తర్వాతా చెట్లు కూలాయి. అక్కడి గని యజమాని రాజస్థాన్ విద్యుత్ సంస్థ, తవ్వేది అదానీ కంపెనీ, వద్దన్నది ఛత్తీస్‌గఢ్ శాసనసభ. గ్రామసభల అనుమతి పత్రాలు నకిలీవని గ్రామస్థులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నేనే లేవనెత్తాలి. జూదం మీద నిలబడ్డ సంపదను ఆదివాసులకు ఆదర్శంగా చూపడమేమిటని. న్యాయమైన ప్రశ్న. ఛత్తీస్‌గఢ్‌కు జూదం కొత్త కాదు. భిలాయ్ కుర్రాళ్లు దుబాయ్ నుంచి నడిపారంటున్న మహాదేవ్ బెట్టింగ్ యాప్ 2023 శాసనసభ ఎన్నికల్లో ప్రధాన ప్రచారాంశమైంది. ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌కు ఆ యాప్ నిర్వాహకుల నుంచి రూ. 508 కోట్లు అందాయన్న ఆరోపణను పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు ఈడీ వెల్లడించింది. ఆయన ఖండించారు. జూదంపై రాష్ట్రం 2022 నాటి చట్టంతో శిక్షలు పెంచింది, కేంద్రం 2025లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. బస్తర్‌లో కాసినో కట్టమని నేను చెప్పడం లేదు. అమెరికాలోనూ కాసినోలతో బాగుపడ్డ తెగలు కొన్నే, మహానగరాలకు దూరంగా ఉన్న రిజర్వేషన్లలో పేదరికం పేదరికంగానే ఉంది. నేను చూపదలచినది జూదాన్ని కాదు, 1957 నాటి ఆ రెండో పత్రాన్ని. బింగో స్థానంలో ఇనుప ఖనిజాన్ని పెట్టి చూడండి. మన దగ్గర తవ్వకం నేరం కాదు, పాపం కాదు, దేశ ప్రగతి. మరి అందులో ఆ నేల మనుషులు యజమానులు కావడానికి అభ్యంతరమేమిటి?

నగర్‌నార్ విషయంలో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. జగదల్‌పూర్ దగ్గర, అయిదో షెడ్యూలు ప్రాంతంలో, రూ. 23,800 కోట్లకు పైగా వెచ్చించి ఎన్‌ఎండీసీ కట్టిన ఉక్కు కర్మాగారమది. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యం. కర్మాగారాన్ని విడి కంపెనీగా చేసి, అందులో కేంద్రం చేతిలోని 50.79 శాతాన్ని వ్యూహాత్మక కొనుగోలుదారుకు అమ్మాలని 2020 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించింది. 2023 అక్టోబర్ 3న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. ఆ రోజు బస్తర్ బంద్ జరిగింది. ఎన్నికలు ముంచుకొచ్చిన ఆ వారాల్లో, కర్మాగారాన్ని ప్రైవేటుకు ఇవ్వబోమన్న హామీ, దానికి బస్తర్ ప్రజలే యజమానులన్న మాట బీజేపీ అగ్రనేతల ప్రసంగాల్లో వినిపించాయి. వేదిక మీద చెప్పిన యాజమాన్యానికి రిజిస్ట్రేషన్ కార్యాలయంలో విలువ ఉండదు. వాటాదారుల పుస్తకంలో భూములిచ్చిన గ్రామాల పేర్లు ఏ పేజీలో ఉన్నాయి?

ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ స్వయంగా ఆదివాసి. రాయ్‌పూర్‌లోనూ ఢిల్లీలోనూ ఒకే పార్టీ అధికారంలో ఉంది. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ఈ ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు చేసే అధికారం గవర్నర్‌కు ఉంది. నిర్వాసిత గ్రామాలు కలిసి ఒక ఉత్పత్తిదారుల కంపెనీగానో, సహకార సంఘంగానో ఏర్పడి వాటాలు కలిగి ఉండడానికి, ఆ వాటాలు బయటివారికి అమ్ముడుపోకుండా చూడడానికి కొత్త రాజ్యాంగమేమీ అక్కర్లేదు. భూమికి బదులుగా నష్టపరిహారం చెక్కు ఇచ్చేటప్పుడే వాటా పత్రం కూడా ఇవ్వవచ్చు. చెక్కు రెండేళ్లలో మోటార్‌సైకిలై, పెళ్లై, ఆసుపత్రి బిల్లై కరిగిపోతుంది. కోర్బాలో ఇది రెండు తరాలుగా చూస్తున్న దృశ్యమే.

ప్రతిపక్షం సంగతి కూడా చెప్పాలి. నగర్‌నార్‌ను అమ్మితే రాష్ట్రమే కొంటుందని 2020 డిసెంబర్‌లో బఘేల్ ప్రభుత్వం శాసనసభలో తీర్మానం చేయించింది. ఇరవై ఏళ్ల క్రితం జోగి అన్న మాటే అది, మొత్తం మాత్రమే మారింది. ఆ తీర్మానంలో కొనేది రాష్ట్ర ప్రభుత్వం. గ్రామసభలు కొంటాయని, వాటికి అప్పుకు రాష్ట్రం పూచీ నిలుస్తుందని అందులో లేదు. అలాంటి వాక్యం చేర్చమని సభలో ఎవరూ సవరణ కూడా ప్రతిపాదించలేదు.